సేవ్ అయ్యాక ఫార్వర్డా, రీడైరెక్టా? కాటా దగ్గర మొదలైన గొడవ

చిత్తూరు_కోడర్:
మా ఊరి దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ కాటాకి పాత పీహెచ్‌పీ సాఫ్ట్‌వేర్ ఉంది. జెండ్ ఫ్రేమ్‌వర్క్ 1 (పీహెచ్‌పీ సైట్లు కట్టడానికి వాడే పాత రెడీమేడ్ చట్రం) మీద నడుస్తోంది. దానికి 2016లోనే సపోర్టు ఆగిపోయిందని తెలుసు, కానీ దాన్ని నిలబెట్టుకుంటూ రావడం నా పని.

బండి కాటా ఎక్కగానే ఆపరేటర్ బండి నంబరు, రైతు పేరు, బరువు కొట్టి సేవ్ నొక్కుతాడు. సేవ్ యాక్షన్ (యాక్షన్ అంటే ఒక్కో పనికి రాసిన కోడ్ ముక్క) డేటాబేస్‌లో రాసి, అక్కడినుంచే ప్రింట్ యాక్షన్‌కి ఫార్వర్డ్ చేస్తుంది, అంటే బ్రౌజర్‌కి తెలియకుండా అదే రిక్వెస్ట్‌ని ప్రింట్ యాక్షన్‌కి అప్పగిస్తుంది. చీటీ వస్తుంది. పోయిన సీజన్‌లో ఒకరోజు ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుంది. ఆపరేటర్ పేజీని రీఫ్రెష్ చేసే ఎఫ్5 నొక్కాడు. ఫారం మళ్ళీ పంపాలా అని బ్రౌజర్ అడిగితే సరే అన్నాడు. బయట తోతాపురి ట్రాక్టర్లు బారులు తీరి ఉంటే ఎవరైనా సరే అనే అంటారు. ఒకే లోడు రెండుసార్లు ఎక్కింది. రాత్రి లెక్క కుదరలేదు, నింద ఆపరేటర్ మీద పడింది. తప్పు అతనిది కాదు, మా కోడ్‌ది. అది నన్ను ఇప్పటికీ బాధపెడుతోంది.

డేటా రాసిన యాక్షన్ నుంచి ఫార్వర్డ్ అనేదే ఉండకూడదని, రీడైరెక్టే చేయాలని నేనంటున్నాను. మా సీనియర్ అన్న ఒప్పుకోవడం లేదు. రీడైరెక్ట్ అంటే వేరే అడ్రస్‌కి వెళ్ళమని బ్రౌజర్‌కి చెప్పడం, అది ఇంకోసారి వచ్చిపోవాలి, అక్కడ నెట్ అంతంతమాత్రం, ఫార్వర్డ్ అయితే సర్వర్ లోపలే అయిపోతుంది అంటారు. మీరేమంటారు?

తిరుచానూరు_డెవ్:
మీ సీనియర్ మాట కొట్టిపారేయడానికి లేదు బ్రదర్. నేను తిరుపతిలో లాడ్జీలకు బుకింగ్ సైట్లు చేస్తాను. ఒక గది రిపేరులో ఉంటే ఆ గది పేజీ అడిగినవాళ్ళను ‘ప్రస్తుతం లేదు’ అనే యాక్షన్‌కి ఫార్వర్డ్ చేస్తాను. అడ్రస్ బార్‌లో గది అడ్రసే ఉంటుంది, రిపేరు అయ్యాక అదే లింకు పనిచేస్తుంది. రీడైరెక్ట్ చేస్తే ఆ అడ్రస్ పోతుంది.

ఇంకో మాట. మీ దగ్గర జరిగింది ఫార్వర్డ్ తప్పు కాదు, డేటాబేస్ తప్పు. ఆపరేటర్ సేవ్ బటన్ రెండుసార్లు గబగబా నొక్కినా రెండు వరసలు పడేవి. అప్పుడు రీడైరెక్ట్ ఏం కాపాడుతుంది? ఫారం తెరిచినప్పుడే ఒక చీటీ నంబరు ఇచ్చి, ఆ కాలమ్ మీద యూనిక్ ఇండెక్స్ (ఒకే విలువ రెండుసార్లు పడకూడదనే నియమం) పెట్టండి. రెండోదాన్ని డేటాబేస్ దానంతటదే తిరస్కరిస్తుంది.

రేణిగుంట_బ్యాకెండ్:
యూనిక్ ఇండెక్స్ గురించి తిరుచానూరు అన్న చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. రీడైరెక్ట్ ఉన్నా అది ఉండాల్సిందే. కానీ ఫార్వర్డ్‌కి తప్పే లేదంటే ఒప్పుకోను. జెండ్ 1 లోపల ఏం జరుగుతుందో చూడండి.

అక్కడ ఫార్వర్డ్ అని రాయగానే ఎక్కడికీ వెళ్ళదు. రిక్వెస్ట్ ఆబ్జెక్ట్‌లో కంట్రోలర్ పేరు, యాక్షన్ పేరు మార్చి, ‘ఇంకా డిస్పాచ్ కాలేదు’ (యాక్షన్‌కి అప్పగించడం అవ్వలేదు) అని ఫ్లాగ్, అంటే ఒక గుర్తు, పెడుతుంది, అంతే. మీ యాక్షన్ చివరిదాకా నడిచాకే, రిక్వెస్ట్‌లన్నిటినీ ముందుగా అందుకునే ఫ్రంట్ కంట్రోలర్ ఆ ఫ్లాగ్ చూసి లూప్‌లో ఇంకో చుట్టు తిరుగుతుంది. కాబట్టి ‘బరువు సున్నా అయితే ఎర్రర్ యాక్షన్‌కి ఫార్వర్డ్’ అని రాసి, పక్కన రిటర్న్ (ఇక్కడితో ఆగు అనే ఆదేశం) రాయడం మరిచిపోతే కింద ఉన్న సేవ్ కోడ్ కూడా నడుస్తుంది. తెరమీద ఎర్రర్ కనిపిస్తుంది, టేబుల్లో వరస పడి ఉంటుంది. ఇలాంటి కేసు ఒకటి వెతకడానికి నాకు రెండు రాత్రులు పట్టింది.

పైగా పాత పోస్టు డేటా (ఫారంలో నింపి పంపినది) అంతా కొత్త యాక్షన్‌కి కూడా కనిపిస్తుంది. సేవ్ ఫారంలో ఐడీ అంటే రైతు ఐడీ, ప్రింట్ యాక్షన్‌లో ఐడీ అంటే చీటీ ఐడీ అనుకోండి. విలువ విడిగా ఇవ్వకపోతే వేరేవాళ్ళ చీటీ ప్రింట్ అవుతుంది.

సింఫనీ అనే ఇంకో పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్‌లో పద్ధతి వేరు. అక్కడ ఫార్వర్డ్ అంటే లోపల ఒక సబ్ రిక్వెస్ట్ పుడుతుంది, దాని రెస్పాన్స్ వెంటనే చేతికొస్తుంది. దాన్ని రిటర్న్ చేస్తాం కాబట్టి పైన చెప్పిన గొడవ చాలావరకు లేదు. కానీ యూఆర్ఎల్ చివర ఉండే క్వెరీ పారామీటర్లు వాటంతట అవి వెళ్ళవు, మనమే పంపాలి. అంతకంటే పెద్ద ప్రమాదం సెక్యూరిటీలో ఉంది. యాక్సెస్ కంట్రోల్‌లో యూఆర్ఎల్ దారినిబట్టి రాసిన నియమాలను ఫైర్‌వాల్ (సింఫనీలో కాపలా భాగం) మెయిన్ రిక్వెస్ట్‌కే, అంటే బ్రౌజర్ నుంచి వచ్చినదానికే చూస్తుంది. మనకు అర్థమయ్యేలా చెప్పాలంటే, బండిని అలిపిరి దగ్గర తనిఖీ చేసి పైకి వదిలారు. కొండమీద ఆ బండి ఒక చోటినుంచి ఇంకో చోటికి పోతే మళ్ళీ అలిపిరి తనిఖీ ఉండదు. అడ్మిన్ దారికి మాత్రమే కాపలా పెట్టి, మామూలు యాక్షన్ నుంచి అడ్మిన్ యాక్షన్‌కి ఫార్వర్డ్ చేస్తే కాపలా దాటిపోయినట్టే. అనుమతి తనిఖీని యాక్షన్ మీదే అట్రిబ్యూట్‌గా (కోడ్ పైన తగిలించే గుర్తుగా) రాస్తే సబ్ రిక్వెస్ట్‌లో కూడా అది నడుస్తుంది.

తిరుచానూరు_డెవ్:
అలిపిరి ఉదాహరణ చదివి వెంటనే నా కోడ్ తెరిచి చూశాను. ఒక చోట అలాగే ఉంది. ఇవాళే సరిచేస్తాను, థాంక్స్ అన్నా.

అయినా జెండ్ 1 మీద మీరు చెప్పింది సగమే. అక్కడ లూప్ ప్రతి చుట్టులోనూ ప్లగిన్‌ల ప్రీడిస్పాచ్ (యాక్షన్‌కి ముందు నడిచే కోడ్) మళ్ళీ నడుస్తుంది. అనుమతుల తనిఖీ అందులో పెట్టుకుంటే ఫార్వర్డ్ అయినా తప్పించుకోలేరు. లాగిన్ కానివాళ్ళను లాగిన్ పేజీకి అక్కడినుంచే ఫార్వర్డ్ చేయొచ్చు.

రేణిగుంట_బ్యాకెండ్:
ఒప్పుకుంటున్నాను. అయితే అప్పుడు లాగిన్ యాక్షన్‌ని తనిఖీ నుంచి మినహాయించాలి, లేకపోతే లూప్ ఆగదు. ఫాల్కన్ అనే ఇంకో ఫ్రేమ్‌వర్క్‌లో డిస్పాచర్ 256 సార్లు తిరిగాక సైక్లిక్ రూటింగ్ (చుట్టూ అక్కడక్కడే తిరగడం) అని ఎక్సెప్షన్, అంటే ఎర్రర్, విసురుతుంది. అంత దూరం లెక్కపెట్టే ఏర్పాటు చేశారంటేనే ఎంతమంది ఈ గుంతలో పడ్డారో ఊహించుకోవచ్చు.

నా గీత ఇదీ: ఇంకా ఏమీ రాయకముందు, ఏ తెర చూపించాలో తేల్చడానికి ఫార్వర్డ్ చేయండి. అన్న లాడ్జి గది కేసు సరిగ్గా అదే. డేటా రాశాక మాత్రం రీడైరెక్టే. అదీ 303 అనే జవాబు కోడ్‌తో. 303 అంటే బ్రౌజర్ తరువాతి అడ్రస్‌ని గెట్‌తోనే (పేజీ చూపించమని మామూలుగా అడిగే పద్ధతి) అడుగుతుంది. పొరపాటున 307 ఇస్తే పోస్టునే (ఫారం డేటా పంపే పద్ధతి) మళ్ళీ పంపుతుంది, మొదటికే వస్తాం. నెట్ స్లో అన్న వాదన కాటా దగ్గర నిలబడదు. ఒక చిన్న గెట్‌కి పట్టే సమయం కన్నా తప్పు లోడు వెతకడానికి పట్టే సమయం ఎక్కువ.

ఒక యాక్షన్‌లోని పని ఇంకో యాక్షన్‌కి కావాలని ఫార్వర్డ్ వాడేవాళ్ళు చాలామంది. ఆ పనిని మామూలు క్లాసులోకి తీసి రెండు యాక్షన్లూ దాన్ని పిలిస్తే సరిపోతుంది. లారావెల్ అనే ఫ్రేమ్‌వర్క్‌లో కంట్రోలర్‌కి ఇలాంటి ఫార్వర్డ్ మెథడ్ లేదు, అక్కడివాళ్ళకు పని ఆగిందా?

చిత్తూరు_కోడర్:
అందరికీ థాంక్స్. చీటీ నంబరుకి యూనిక్ ఇండెక్స్ పెట్టాను, సేవ్ తరువాత 303 రీడైరెక్ట్ పెట్టాను. సీనియర్ అన్నను పక్కన కూర్చోబెట్టుకుని ఎఫ్5 పదిసార్లు నొక్కి చూపించాను. వరస ఒక్కటే ఉంది. ఆ రోజు మాట పడిన ఆపరేటర్‌కి కూడా ఫోన్ చేసి జరిగింది వివరంగా చెప్పాను.

ఒక్క సందేహం మిగిలింది. రెండోసారి తీసిన చీటీ మీద ‘నకలు’ అని పడాలని ఫ్యాక్టరీవాళ్ళు అడుగుతున్నారు. దానికి ప్రింట్ లెక్క పెంచాలి. ప్రింట్ పేజీ గెట్ కదా, గెట్‌లో డేటా రాయొచ్చా?

రేణిగుంట_బ్యాకెండ్:
వద్దు. పేజీ తెరవడం గెట్‌గానే ఉంచి, ‘ప్రింట్’ బటన్‌ని పోస్టు చేయండి. అది లెక్క పెంచి, మళ్ళీ 303తో చీటీకి పంపాలి.