చూపు లేని తమ్ముడి సంగీతానికి ఏ ల్యాప్‌టాప్ సరిపోతుంది?

మా తమ్ముడికి పుట్టుకతోనే చూపు లేదు. కీబోర్డు వాయిస్తాడు, సొంతంగా బాణీలు కడతాడు, రికార్డింగు కూడా తానే చేసుకుంటాడు. పాత ల్యాప్‌టాప్‌లో రికార్డింగుకు రీపర్ అనే సాఫ్ట్‌వేర్, చూపు లేనివారు దాన్ని వాడుకునేలా చేసే ఓసారా, తెర చదివి వినిపించడానికి ఎన్‌వీడీఏ వాడుతున్నాడు. ట్రాకులు పెరిగేకొద్దీ ఆ గొంతు తడబడుతోంది. మీట నొక్కి, తల వంచి, మాట కోసం ఎదురుచూస్తాడు. ఈలోగా మనసులోని బాణీ జారిపోతుంది. ఆ ముఖం చూడలేకపోతున్నాను.

మ్యాక్‌లో తెర చదివే వాయిస్‌ఓవర్ ముందే ఉంటుంది, రికార్డింగు సాఫ్ట్‌వేర్ లాజిక్ ప్రో దానితో నడుస్తుంది. కానీ వేళ్లకు అలవాటైన మీటలన్నీ మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి. విండోస్‌లోనే ఉండి, 16 జీబీ ర్యామ్, పక్కన విడిగా అంకెల మీటలు ఉన్నది తీసుకుంటే చాలా? తాను వాడే ఎన్‌వీడీఏ డెస్క్‌టాప్ అమరికలో ఆదేశాలు చాలా వాటిమీదే ఉన్నాయి కనుక అవి లేనిది వద్దంటున్నాడు, నాకూ అదే సబబనిపిస్తోంది.

అన్నిటికన్నా పెద్ద చిక్కు ఇది: పాడేటప్పుడు స్పీకరులోంచి వచ్చే ఎన్‌వీడీఏ గొంతు మైకులో పడుతోంది. సంగీతం ఒక చెవికి, ఆ గొంతు మరో చెవికి ఒకే హెడ్‌ఫోన్‌లో వినిపించాలంటే ఎలాంటి ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకు, హెడ్‌ఫోన్‌లను కంప్యూటరుకు కలిపే పరికరం) కావాలి? స్వయంగా ఇలా పనిచేస్తున్నవారు చెబితే ఎంతో మేలు చేసినవారవుతారు.