పాత 2400 ర్యామ్ పక్కన 3200 ర్యామ్ వేయవచ్చా, పాతది తీసేయాలా?

రెండోస్లాటు: నా ల్యాప్‌టాప్‌లో ఐ5-8250యు ప్రాసెసర్, రెండు ర్యామ్ స్లాట్లు ఉన్నాయి. ఒకదానిలో ఉన్న 8 జీబీ డీడీఆర్4 ర్యామ్ స్టిక్కర్ మీద "1ఆర్‌ఎక్స్8 పీసీ4-2400టీ" అని రాసి ఉంది. ఖాళీ స్లాటులో 3200 వేగం గల 8 జీబీ వేద్దామనుకుంటే, వేగాలు కలపకూడదని, పాతది తీసేసి 3200 వేగం గల 16 జీబీ ఒక్కటే వేయమని మిత్రుడు గట్టిగా చెబుతున్నారు. ఏది సరైనది?

నిలకడ: మీ మిత్రుడి మాటే నా మాట. రెండు వేగాలు కలిపితే రెండూ తక్కువ వేగానికే దిగుతాయి. పైగా నా డెస్క్‌టాప్‌లో ఇలా కలిపిన జత మామూలు పనుల్లో బాగానే ఉంటూ, పెద్ద ఫైళ్ళను జిప్ చేసేటప్పుడు మాత్రమే బ్లూ స్క్రీన్ చూపేది; తప్పు ర్యామ్‌దేనని తేల్చుకోవడానికి నాకు రెండు వారాలు పట్టింది.

సమాంతరం: నిలకడ గారి అనుభవాన్ని కాదనను, కానీ ఈ ల్యాప్‌టాప్‌కు ఆ వాదన వర్తించదు. ఐ5-8250యు ప్రాసెసర్ డీడీఆర్4ను 2400 వరకే నడుపుతుంది కాబట్టి, 3200 ర్యామ్ ఒంటరిగా ఉన్నా జతగా ఉన్నా అక్కడే ఆగుతుంది. ప్రతి ర్యామ్ మీదా ఎస్‌పీడీ అనే చిన్న చిప్‌లో అది ఏ వేగానికి ఏ టైమింగ్‌లతో పనిచేయగలదో నమోదై ఉంటుంది. కంప్యూటర్ ఆన్ కాగానే ముందుగా నడిచే బయోస్ అనే ప్రోగ్రామ్ ఆ వివరాలు చదివి అన్నిటికీ కుదిరే వేగాన్ని ఎంచుకుంటుంది.

ఇక అసలు లెక్క చూడండి. ర్యామ్‌కూ ప్రాసెసర్‌కూ మధ్య డేటా నడిచే దారే ఛానెల్. ఒక ఛానెల్ ఒక్కో విడతకు 8 బైట్లు మోస్తుంది, 2400 అంటే సెకనుకు 240 కోట్ల విడతలు, అంటే 19.2 జీబీ. రెండు స్లాట్లూ నిండి డ్యూయల్ ఛానెల్, అంటే రెండు దారులూ ఒకేసారి పనిచేస్తే అది 38.4 జీబీ అవుతుంది. ఒకే ర్యామ్ నిజంగా 3200 వేగంతో నడిచినా 25.6 జీబీ దాటదు. ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ ఈ ర్యామ్‌నే వాడుకుంటుంది కాబట్టి ఆటల్లో తేడా స్పష్టంగా తెలుస్తుంది, బ్రౌజర్‌లో అంతగా తెలియదు.

స్టిక్కర్ చివరనున్న "టీ" సీఎల్ 17కు గుర్తు. సీఎల్ అంటే అడిగిన డేటా ఇవ్వడానికి ముందు ర్యామ్ తీసుకునే సైకిళ్ళ సంఖ్య. ఆ 17 సైకిళ్ళకు పట్టేది సుమారు 14.2 నానోసెకన్లు, సీఎల్ 22 ఉన్న 3200 ర్యామ్‌కు 13.75. వేగం అంకె పెద్దదైనంత మాత్రాన జవాబు అంత త్వరగా రాదని కొనేవారికి ఎవరూ చెప్పకపోవడం నన్ను బాధిస్తుంది.

నిలకడ: లెక్క ఒప్పుకుంటున్నాను. నా డెస్క్‌టాప్‌లో ఎక్స్‌ఎంపీ ఆన్ చేసి ఉంది, అంటే ప్రామాణిక వేగాన్ని మించి నడిపాను. రెండు సందర్భాలూ ఒకటి కావు. అయినా 8 జీబీలతో రెండు స్లాట్లూ నింపితే, రేపు మరింత కావాలన్నప్పుడు ఒకటి తీసి పక్కన పడేయవలసిందే.

సమాంతరం: ఆ మాట నిజం. అలాంటి అవసరం కనిపిస్తే పాత 8 జీబీని ఉంచి, పక్కన 16 జీబీ వేయడం మేలు. ఈ ప్రాసెసర్‌లో అప్పుడు రెండింటి నుంచీ 8 జీబీల చొప్పున డ్యూయల్ ఛానెల్‌లో, మిగిలిన 8 జీబీ సింగిల్ ఛానెల్‌లో నడుస్తాయి. ఏది వేసినా ర్యామ్‌లో లోపాలు వెతికే మెమ్‌టెస్ట్86 ప్రోగ్రామ్‌ను ఒక రాత్రంతా నడపండి. ఒక్క లోపం చూపినా ఆ జతను నమ్మవద్దు.

రెండోస్లాటు: 3200 వేగం గల 16 జీబీ వేశాను. టాస్క్ మేనేజర్ 24 జీబీ, 2400 వేగం చూపుతోంది, హార్డ్‌వేర్ వివరాలు చూపే సీపీయూ-జెడ్ ప్రోగ్రామ్‌లో ఛానెల్ దగ్గర డ్యూయల్ అని ఉంది. మెమ్‌టెస్ట్86 ఈ రాత్రికి పెడుతున్నాను.