డాల్బీ విజనా, హెచ్‌డీఆర్10 ప్లసా? విజయనగరంలో మంచి టీవీ కొనాలి, సలహా చెప్పండి

కోటజంక్షన్:
అందరికీ నమస్కారం. విజయనగరం నుంచి రాస్తున్నాను. మొన్నటి ఉరుముల వానకి మా పాత టీవీ పోయింది. దాన్ని బాగుచేయించడం దండగ కాబట్టి, ఈసారి కాస్త మంచిదే కొందామని ఇంట్లో అందరూ ఒక మాట మీదికి వచ్చారు. లక్షన్నర దాకా పెట్టగలం.

ఒక షాపులో డాల్బీ విజన్ లేని టీవీ కొంటే డబ్బులు బూడిదలో పోసినట్టే అన్నాడు. అదే రోడ్డులో ఇంకో షాపువాడేమో, డాల్బీ పని అయిపోయిందండీ, ఇప్పుడంతా హెచ్‌డీఆర్10 ప్లసే అన్నాడు. ఇంటికొచ్చి వీడియోలు చూస్తే ఉన్న మతి కూడా పోయింది. పెట్టెల మీద హెచ్‌డీఆర్ (వెలుగు, చీకటి తేడాని మామూలు వీడియో కన్నా బాగా చూపే పద్ధతి) పేరుతో నాలుగు రకాల ముద్రలు ఉంటున్నాయి. ఏది ఉంటే చాలు? ఏది లేకపోతే తర్వాత బాధపడతాం?

మా ఇంటి సంగతి చెబుతాను. హాలు 12 అడుగులు, సోఫా వెనక గోడకి ఆనించి ఉంటుంది. తూర్పున పెద్ద కిటికీ. నాన్నగారు రిటైరయ్యారు, పొద్దున లేచిన దగ్గర్నుంచీ న్యూస్ ఛానలే. సాయంత్రం అమ్మ సీరియళ్లు. రాత్రి తొమ్మిది దాటాక రిమోట్ మా చేతికి వస్తుంది, అప్పుడు నెట్‌ఫ్లిక్స్, ప్రైమ్. సెలవులకి మేనల్లుడు ప్లేస్టేషన్ 5 పట్టుకుని దిగుతాడు.

వంశధార_ఒడ్డు:
ఇద్దరూ తమ దగ్గరున్న సరుకునే మెచ్చుకున్నారు, అంతే. శామ్‌సంగ్ తన టీవీల్లో డాల్బీ విజన్ పెట్టదు. ఎల్‌జీ, సోనీ హెచ్‌డీఆర్10 ప్లస్ పెట్టవు. ఏ షాపువాడు మీకు ఏ టీవీ అంటగట్టాలని చూశాడో దీన్నిబట్టే తెలిసిపోతుంది.

ఇప్పుడు అసలు విషయం. వెలుగుని నిట్స్‌లో కొలుస్తారు. మామూలు వీడియోని సుమారు 100 నిట్స్ లెక్కన తయారుచేస్తారు. హెచ్‌డీఆర్ సినిమాలని ఎక్కువగా 1000 నిట్స్‌కి, కొన్నిటిని 4000 నిట్స్‌కి తయారుచేస్తారు. మీ టీవీ 600 దాకానే వెలగగలదనుకోండి. పైనున్న వెలుగుని ఎలాగో ఆ 600 లోపల సర్దాలి. ఫార్మాట్ల గొడవంతా ఈ సర్దుబాటు దగ్గరే.

హెచ్‌డీఆర్10 అనేది 2015లో వచ్చిన ఉచిత ప్రమాణం, ఏ హెచ్‌డీఆర్ టీవీలోనైనా ఉండి తీరుతుంది. ఇందులో సినిమా మొత్తానికి కలిపి ఒకే లెక్క ఇస్తారు: ఇందులో అత్యంత వెలుగు ఇంత, సగటున అత్యంత వెలుగున్న ఫ్రేము ఇంత అని. క్లైమాక్స్‌లో ఒక్క పేలుడు 4000 నిట్స్ ఉంటే, టీవీ ఆ లెక్కే పట్టుకుని మొదట్లోని చీకటి సీన్లని కూడా నొక్కేసే ప్రమాదం ఉంది. పెళ్లివంటలో ప్రతి కూరకీ ఒకే కొలత ఉప్పు వేసినట్టు. డాల్బీ విజన్, హెచ్‌డీఆర్10 ప్లస్ రెండూ సీను సీనుకీ, కావాలంటే ఫ్రేము ఫ్రేముకీ వేరే లెక్క పంపిస్తాయి.

డాల్బీ విజన్ 2014లో వచ్చింది. డాల్బీ కంపెనీకి లైసెన్సు డబ్బు కట్టాలి, 12 బిట్ల దాకా రంగుకి చోటుంది, అంటే రంగుల్లో మరింత సన్నటి తేడాలు చూపొచ్చు. హెచ్‌డీఆర్10 ప్లస్‌ని 2017లో శామ్‌సంగ్, అమెజాన్ కలిసి తెచ్చాయి. టీవీకింత అని రాయల్టీ లేదు, ఏడాదికోసారి కట్టే రుసుము మాత్రమే. నాలుగో ముద్ర హెచ్‌ఎల్‌జీ. బీబీసీ, జపాన్ ఎన్‌హెచ్‌కే కలిసి టీవీ ప్రసారాల కోసం చేసినది. మంచి టీవీలన్నిట్లో ఎలాగూ ఉంటుంది, దాని గురించి ఆలోచించకండి.

కోటజంక్షన్:
చాలా థాంక్స్ అండీ, ఇంత విడమరిచి ఎవరూ చెప్పలేదు. మరి శామ్‌సంగ్ కొంటే నెట్‌ఫ్లిక్స్‌లో డాల్బీ విజన్ సినిమా ఆడదా?

వంశధార_ఒడ్డు:
ఎందుకాడదు! అదే సినిమా హెచ్‌డీఆర్10లోనో, హెచ్‌డీఆర్10 ప్లస్‌లోనో వస్తుంది. నెట్‌ఫ్లిక్స్ 2025 మార్చి నుంచి హెచ్‌డీఆర్10 ప్లస్ కూడా ఇస్తోంది. ప్రైమ్ మొదటినుంచీ ఆ పక్షమే అయినా కొన్నిటికి డాల్బీ విజన్ కూడా ఉంది. ఆపిల్ టీవీలో రెండూ ఉన్నాయి. అంటే నాలుగైదేళ్ల కిందట ఉన్నంత పట్టింపు ఇప్పుడు అక్కర్లేదు.

ఒక చిన్న సంగతి. యాప్‌లో సినిమా పేరు కింద కనపడే ముద్ర మీ పరికరాన్నిబట్టి మారుతుంది. పాత టీవీలోనో ఫోన్లోనో చూసి, ఈ సినిమాకి డాల్బీ విజన్ లేదని తీర్మానించకండి. ఇంకోటి, నెట్‌ఫ్లిక్స్‌లో 4కే, హెచ్‌డీఆర్ ప్రీమియం ప్లాన్‌కే వస్తాయి. ప్రైమ్ లైట్‌లో 4కే రాదు. లక్షన్నర టీవీ కొని చౌక ప్లాన్ పెట్టుకుని బొమ్మ బాలేదనేవాళ్లు మా వీధిలోనే ఉన్నారు.

రిపేరు_మాస్టారు:
శ్రీకాకుళంలో టీవీ సర్వీసు చేస్తుంటాను. ఫార్మాట్ గురించి వంశధారగారు చెప్పింది కరెక్టే గానీ, మీ ఇంట్లో మొదట చూడాల్సింది అది కాదు బాబూ. నాన్నగారి న్యూస్ ఛానల్.

మన తెలుగు న్యూస్ ఛానళ్ల తెర ఎలా ఉంటుందో చూడండి. మూలన లోగో, కింద ఎర్ర పట్టీ, దాని కింద పరిగెత్తే స్క్రోలింగు, పక్కన ఇంకో డబ్బా. రోజంతా కదలవు. ఓఎల్ఈడీ తెరలో ప్రతి చుక్కా తనంతట తానే వెలుగుతుంది, ఎంత వెలిగితే అంత అరుగుతుంది. రోజూ గంటలకొద్దీ అదే ఎర్ర పట్టీ ఒకేచోట ఉంటే, ఏళ్లు గడిచేసరికి ఆ జాగాలో మచ్చ మిగిలిపోతుంది. సినిమా నడుస్తున్నప్పుడు కూడా పట్టీ ఆనవాలు కనిపిస్తుంది. రాత్రి సినిమాలకే అయితే ఓఎల్ఈడీని మించింది లేదు, నలుపంటే నిజంగా నలుపే. మీ ఇంటికి మాత్రం వద్దంటాను.

ఎవరైనా ఓఎల్ఈడీ కొంటే ఇది గుర్తుపెట్టుకోండి. రాత్రి పడుకునే ముందు గోడ దగ్గర స్విచ్చి కట్టేసే అలవాటు మనందరికీ ఉంది. ఓఎల్ఈడీకి అది పనికిరాదు. రిమోట్‌తో ఆపాక, స్టాండ్‌బైలో ఉన్నప్పుడే అది తెరని సరిచేసుకుంటుంది. ఎల్‌జీ టీవీల్లో మొత్తం నాలుగు గంటలు వాడాక ఆపితే ఈ పని మొదలవుతుంది. కరెంటు కట్టేస్తే ఆ పని జరగదు. ఈ సంగతి అమ్మేవాడు చెప్పడు.

మీకు మినీ ఎల్ఈడీ నయం. వెనక చిన్నచిన్న దీపాలు వేలకొద్దీ ఉంటాయి, జోన్లుగా విడివిడిగా వెలుగుతాయి, ఆరతాయి. బాగా వెలుగుతుంది కాబట్టి తూర్పు కిటికీ ఎండకీ నిలబడుతుంది. మచ్చ పడుతుందన్న టెన్షన్ లేదు.

ఆమదాలవలస_రైలు:
అందరూ ఫార్మాట్‌ని మరీ తీసిపారేస్తున్నారు. మా ఇంట్లో డాల్బీ విజన్ ఉన్న టీవీలో, చుట్టాలింట్లో అది లేని టీవీలో ఒకే సిరీస్ చూశాను. చీకటి సీన్లలో తేడా కొట్టొచ్చినట్టు కనిపించింది.

వంశధార_ఒడ్డు:
కనిపించి ఉంటుంది, కాదనను. కానీ ఆ రెండు టీవీల తెరలు వేరు, వెలుగు వేరు, పిక్చర్ మోడ్ వేరు. తేడాలో ఫార్మాట్ వాటా ఎంతో దాన్నిబట్టి చెప్పలేం.

నా లెక్క ఇది. టీవీ 300 నిట్స్ దాటని చౌకరకమైతే, ఏ ముద్ర ఉన్నా హెచ్‌డీఆర్ పేరుకే. టీవీ 1000 దాటి వెలిగితే, 1000 నిట్స్‌కి చేసిన సినిమాలో నొక్కాల్సిందే పెద్దగా ఉండదు కాబట్టి సీను సీను లెక్కలతో పని తక్కువ. ఈ రెండిటికీ మధ్యలో ఉండే టీవీల్లో డాల్బీ విజన్ బాగా ఉపయోగపడుతుంది. 4000 నిట్స్ సినిమాలకి పెద్ద టీవీల్లోనూ కాస్త ఉపయోగమే. పైగా ఇప్పటి మంచి టీవీలు హెచ్‌డీఆర్10 వచ్చినా ఫ్రేములని తామే లెక్కగట్టి సర్దుకుంటున్నాయి.

పట్టపగలు డాల్బీ విజన్‌ని సినిమా మోడ్‌లో పెడితే బొమ్మ మసగ్గా ఉందనే ఫిర్యాదు చాలామంది నోట వింటాం. అది చీకటి గది కోసం చేసిన మోడ్ కదా. గది వెలుగుని సెన్సార్‌తో చూసి సర్దుకునే డాల్బీ విజన్ ఐక్యూ ఉన్న టీవీ అయితే ఆ బాధ తగ్గుతుంది. హెచ్‌డీఆర్10 ప్లస్‌లో అదే పనికి అడాప్టివ్ అని ఉంది.

బొబ్బిలి_వీణ:
మేనల్లుడి తరఫున నేను. ప్లేస్టేషన్ 5కి డాల్బీ విజనూ లేదు, హెచ్‌డీఆర్10 ప్లసూ లేదు, ఉన్నది హెచ్‌డీఆర్10 ఒక్కటే. డాల్బీ విజన్ కావాలంటే ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్. కాబట్టి వాడి కోసం ఫార్మాట్ చూడక్కర్లేదు, హెచ్‌డీఎంఐ 2.1 పోర్టు, 120 హెర్ట్జ్ తెర (సెకనుకి 120 సార్లు బొమ్మ మార్చేది) ఉన్నాయో లేదో చూడండి. కొన్ని టీవీల్లో నాలుగు పోర్టులున్నా 2.1 ఉన్నవి రెండే, అందులో ఒకటి సౌండ్‌బార్‌కి పోతుంది. టీవీలో హెచ్‌జీఐజీ అనే సెట్టింగు (ఆట పంపిన వెలుగుని టీవీ మళ్లీ సర్దకుండా ఆపేది) ఉంటే పెట్టి, తర్వాత ప్లేస్టేషన్‌లో హెచ్‌డీఆర్ సర్దుబాటు ఒకసారి చేయమనండి.

కోటజంక్షన్:
అందరికీ చాలా థాంక్స్. ఆదివారం విశాఖ వెళ్తున్నాం, అక్కడ పెద్ద షోరూముల్లో ఎదురెదురుగా పెట్టి చూపిస్తారట. ఏం చూడాలి? మా ఆవిడ 65 అంటోంది, నాకు 55 చాలనిపిస్తోంది.

రిపేరు_మాస్టారు:
ఆవిడ మాటే వినండి. 65కి దాదాపు తొమ్మిది అడుగుల దూరం సరిపోతుంది, మీ సోఫా అంతకన్నా వెనకే ఉంది. 55 పెడితే 4కేకి పెట్టిన డబ్బు కంటికి కనపడదు.

షోరూములో టీవీలన్నీ షాపు మోడ్‌లో, కళ్లు చెదిరే వివిడ్ రంగుల్లో ఉంటాయి. సినిమా లేదా ఫిల్మ్‌మేకర్ మోడ్‌కి మార్చమని అడగండి. మొదట చప్పగా అనిపిస్తుంది, కాసేపు చూడండి. తర్వాత నల్లటి తెర మీద తెల్లటి పేర్లు వచ్చే చోటికి, అంటే సినిమా చివరి టైటిళ్ల దగ్గరికి తీసుకెళ్లమనండి. అక్షరాల చుట్టూ బూడిదరంగు పొగలా వెలుగు పాకితే ఆ టీవీలో జోన్లు తక్కువన్నమాట. ఎదురుగా నిలబడి ఒకసారి, పక్కకి జరిగి ఒకసారి చూడండి. అమ్మగారు కూర్చునే మూల నుంచి రంగు వెలిసినట్టు కనిపిస్తే ఇంట్లో రోజూ అదే.

ధర బేరమాడేటప్పుడు ఇది గుర్తుంచుకోండి. 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 28 శాతం కాదు, 18. పాత ధరల పట్టీ చూపించి ఏటేటో చెబితే ఒప్పుకోకండి. విజయనగరంలో ఆ కంపెనీకి సర్వీసువాళ్లు ఉన్నారో లేదో కూడా కనుక్కోండి, 65 అంగుళాల పెట్టె పట్టుకుని విశాఖ తిరగలేరు.

కోటజంక్షన్:
వెళ్లొచ్చాం. టైటిళ్ల పరీక్షకి షాపు కుర్రాడు మొదట విసుక్కున్నాడు గానీ తర్వాత వాడే ఆసక్తిగా చూశాడు. పక్కపక్కన ఉన్న రెండు మినీ ఎల్ఈడీల్లో ఒకదాంట్లో అక్షరాల చుట్టూ పొగ స్పష్టంగా కనిపించింది, రెండోదాంట్లో దగ్గరికెళ్లి చూస్తే తప్ప లేదు. రెండిటి మీదా ముద్రలు మాత్రం ఒకటే! రెండోదే తీసుకున్నాం, 65. డాల్బీ విజన్, హెచ్‌డీఆర్10 ప్లస్ రెండూ ఉన్నాయి.

వంశధార_ఒడ్డు:
మంచి పని చేశారు. టీసీఎల్, హైసెన్స్ లాంటివాళ్లు చాలా మోడళ్లలో రెండూ పెడుతున్నారు, అందుకే ఏ పక్షమా అన్న ప్రశ్న అసలు రాదు. మోడల్ మోడల్‌కీ మారుతుంది కాబట్టి పెట్టె మీద చూసుకోవడం మేలు.

కోటజంక్షన్:
ఆఖరి సందేహాలు రెండు. టీవీకి గుచ్చే స్ట్రీమింగ్ స్టిక్ పెడితే హెచ్‌డీఆర్ రావట్లేదు, టీవీ సొంత యాప్‌లో వస్తోంది. రెండోది, పిడుగుల సంగతి. స్టెబిలైజర్ కొనమంటున్నారు.

రిపేరు_మాస్టారు:
మొదటిది సెట్టింగే. హెచ్‌డీఎంఐ పోర్టు మామూలు స్థితిలో ఉంటే హెచ్‌డీఆర్ తీసుకోదు. సోనీలో దాన్ని ఎన్‌హాన్స్‌డ్ ఫార్మాట్ అంటారు, శామ్‌సంగ్‌లో ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్, ఎల్‌జీలో డీప్ కలర్. మీదాంట్లో ఏ పేరున్నా ఇన్‌పుట్ల మెనూలోనే ఉంటుంది. స్టిక్ గుచ్చిన పోర్టుకి దాన్ని ఆన్ చేయండి. స్టిక్ కూడా 4కేది అయి ఉండాలి.

రెండోది. ఇప్పటి టీవీలు 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకుంటాయి, స్టెబిలైజర్ కన్నా ఎర్తింగు ముఖ్యం. సర్జ్ ప్రొటెక్టర్ (ఒక్కసారిగా పెరిగే వోల్టేజీని ఆపేది) పెట్టినా ఎర్తింగు లేకపోతే అది అలంకారమే. పిడుగు కరెంటు తీగ నుంచే వస్తుందనుకోకండి, డిష్ కేబులు నుంచీ, నెట్ తీగ నుంచీ వస్తుంది. నా దగ్గరికొచ్చే కాలిన బోర్డుల్లో చాలావాటికి హెచ్‌డీఎంఐ వైపే మాడి ఉంటుంది, అంటే సెట్‌టాప్ బాక్సు దారిన వచ్చిందన్నమాట. ఉరుముల వాన వచ్చేలా ఉంటే, ఉరుములు మొదలవకముందే ప్లగ్గుతో పాటు డిష్ కేబుల్ని బాక్సు నుంచి విప్పేయండి, నెట్ తీగ కూడా. నాన్నగారి న్యూస్ గంటసేపు ఆగుతుంది, ఆయన్ని మీరే ఒప్పించుకోవాలి.

ఆమదాలవలస_రైలు:
చిన్న చేర్పు. ఐఫోన్ 12 నుంచి తీసే హెచ్‌డీఆర్ వీడియోలు డాల్బీ విజనే, కాకపోతే అడుగున హెచ్‌ఎల్‌జీ ఉంటుంది. అందుకని డాల్బీ విజన్ లేని టీవీలో కూడా హెచ్‌ఎల్‌జీగా ఆడతాయి. పెళ్లి వీడియోలు ఫోన్లో తీసి టీవీలో చూడాలనుకునేవాళ్లు వాట్సాప్‌లో పంపించుకోకండి, అది వీడియోని నలిపేసి పంపుతుంది. కేబులుతోనో పెన్‌డ్రైవ్‌తోనో అసలు ఫైలే ఎక్కించుకోండి.