గడువుకు ముందే ఇంటి అప్పు తీర్చినవాళ్లు ఎలా తీర్చారు?

నిజాంపేట నుంచి
2021లో ఫ్లాటు కొన్నాం. అప్పు 40 లక్షలు, గడువు 20 ఏళ్లు, వడ్డీ 6.75 శాతం, నెల వాయిదా 30,415. ఆ తర్వాత వడ్డీ 9.25 దాకా పెరిగినా వాయిదా మాత్రం పెరగలేదు. మంచి బ్యాంకు అనుకున్నాను. మొన్న స్టేట్‌మెంట్ తీసి చూస్తే అసలు సంగతి బయటపడింది. వాయిదా పెంచకుండా గడువు సాగదీశారు. 2023లో కొన్ని నెలలు 30 వేలు కడితే అసలుకు జమ అయింది ఎనిమిది వందల చిల్లర! ఇప్పుడు వడ్డీ 8 శాతానికి దిగింది, అసలు ఇంకా 38 లక్షలు ఉంది. ఇద్దరి జీతాలు కలిపి చేతికి లక్షా పదిహేను వేలు వస్తాయి. పాప రెండో తరగతి. పదేళ్లలో ఈ అప్పు వదిలించుకోవడం సాధ్యమేనా?

లెక్కల మాస్టారు
సాధ్యమే. మీ లెక్కే వేసి చూశాను. ఇప్పటి వాయిదాతోనే పోతే ఇంకా 22 ఏళ్లకు పైగా కడుతూనే ఉంటారు. అంటే నాలుగేళ్లు కట్టాక గడువు మొదటికన్నా పెరిగింది. అదే నెలకు 46 వేలు కడితే పదేళ్లలో తీరుతుంది. అదనంగా కావలసింది 16 వేల లోపు, వడ్డీలో మిగిలేది సుమారు 26 లక్షలు.

ఒక జాగ్రత్త. అదనంగా కట్టేటప్పుడు వాయిదా తగ్గించాలా, గడువు తగ్గించాలా అని అడుగుతారు. గడువే తగ్గించమని రాసి ఇవ్వండి. మారే వడ్డీ మీద వ్యక్తులు తీసుకున్న ఇంటి అప్పుకు ముందస్తు చెల్లింపు రుసుము వేయకూడదని రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది. స్థిర వడ్డీ అయితే ఒప్పందం చదువుకోండి.

పోపుల డబ్బా, నాగోల్
మాది 2014లో తీసుకున్న 25 లక్షల అప్పు. 2023లో తీరింది. మొదటి ఏడాదంతా తప్పుడు చోట పొదుపు చేశాం. టీ మానేయడం, కొత్తిమీర కట్ట దగ్గర రెండు రూపాయలు బేరమాడటం, ఫ్యాను కట్టేసి చెమటలు కక్కడం. నెలాఖరుకు మిగిలింది అయిదారు వందలు, ఇంట్లో గొడవలు మాత్రం బోలెడు.

రెండో ఏడాది ఒక పాత నోటు పుస్తకంలో మూడు నెలల ఖర్చు రాశాను. అప్పుడు కనబడింది. కారు వాయిదా, పెట్రోలు, బీమా కలిపి నెలకు 14 వేలు. కారు కదిలేది ఆదివారం మాత్రమే! అమ్మేశాం. మా ఆయనకు మెట్రో వచ్చేదాకా బస్సే. 2017 నవంబరులో నాగోల్ నుంచి అమీర్‌పేట మీదుగా మియాపూర్‌కు మెట్రో మొదలైంది, అప్పటి నుంచి ఆయన మొహంలో కాస్త కళ వచ్చింది. రెండోది, బయటి తిండి. శని, ఆదివారాలు ఫోనులో తెప్పించుకునే బిర్యానీ, టిఫిన్లు నెలకు ఆరు వేలు దాటేవి. పూర్తిగా మానలేదు, నెలకు ఒకసారికి తెచ్చాం. హైదరాబాదులో ఉంటూ బిర్యానీ మానేస్తామంటే ఎవరు నమ్ముతారు?

కూరగాయలు వారానికి ఒకసారి రైతుబజారులో, పప్పులు, నూనె నెలకోసారి బేగంబజారులో. ఇది వేడినీళ్లకు చన్నీళ్లే తప్ప, అప్పు తీర్చింది ఇది కాదు. తీర్చింది కారు, బిర్యానీ, ఏటా పెరిగిన జీతంలో సగం. జీతం పడిన మరునాడే అదనపు సొమ్ము అప్పు ఖాతాకు పంపేదాన్ని. నెలాఖరుకు మిగిలితే కడదామనుకుంటే ఏనాడూ మిగలదు.

ఇప్పుడు మీకు ఇంకో వెసులుబాటు ఉంది. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో తెలంగాణ ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం.

రాత్రి షిఫ్టు
అంత తొందర దేనికి? 8 శాతం అప్పు తీర్చే బదులు ఆ 16 వేలు మ్యూచువల్ ఫండ్‌లో వేయండి. పైగా వడ్డీ మీద పన్ను మినహాయింపు కూడా ఉంది.

లెక్కల మాస్టారు
సొంతంగా ఉంటున్న ఇంటి వడ్డీ మీద ఏడాదికి 2 లక్షల వరకు ఆ మినహాయింపు పాత పన్ను విధానంలోనే. కొత్త విధానంలో ఉంటే దక్కదు. ఫండు పెరగవచ్చు, పడవచ్చు. అప్పు మీద మిగిలే వడ్డీ మాత్రం ఖాయం.

పాత సికింద్రాబాద్
నేను తొందరపడి దెబ్బ తిన్నవాడిని. ఉన్నదంతా ఊడ్చి అప్పుకు కట్టాను. 2020లో నాలుగు నెలలు జీతం రాలేదు. బ్యాంకుకు ముందే కట్టిన డబ్బు వెనక్కి ఇమ్మంటే ఇస్తారా? మా ఆవిడ గాజులు తాకట్టు పెట్టాం. ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టాకే అదనంగా కట్టండి. ఇంకో మాట, చీటీ పాడి కడదామనుకుంటే రిజిస్టరైన సంస్థలోనే వేయండి. మా వీధిలో చీటీ నడిపిన ఆవిడ ఇల్లు ఒక పొద్దున చూస్తే తాళం వేసి ఉంది.

పోపుల డబ్బా, నాగోల్
అప్పు తీరిన రోజు స్వీట్లు పంచి ఊరుకోకండి. కాగితాల కోసం మేం రెండు నెలలు తిరిగాం, ఫలానా అధికారి సెలవులో ఉన్నారని ఒకటే పాట. 2023 డిసెంబరు 1 నుంచి అప్పు పూర్తిగా కట్టిన 30 రోజుల్లో అసలు పత్రాలు ఇవ్వాలి. బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 చొప్పున పరిహారం చెల్లించాలి. తాకట్టు పత్రం రిజిస్టరై ఉంటే దాని రద్దు కూడా రిజిస్టరు చేయించి, ఈసీ (ఆస్తి మీద అప్పులు, తాకట్టులు ఉన్నాయేమో చూపే రిజిస్ట్రేషన్ శాఖ పత్రం) తీసి చూసుకోండి.

నిజాంపేట నుంచి
అందరికీ ధన్యవాదాలు. గడువు తగ్గించమని దరఖాస్తు రాసి పెట్టాను. బిర్యానీ లెక్క తీశాను, చెప్పుకోలేను. కారు మాట ఎత్తగానే మా వారు పేపరు అడ్డం పెట్టుకున్నారు.

పోపుల డబ్బా, నాగోల్
మా ఇంట్లో ఆ పేపరు దిగడానికి ఆరు నెలలు పట్టింది.