గుణుపూర్‌లో పెరటి ఫోటోలు, పాములు: కొత్తగా వచ్చిన తమ్ముడికి

తమ్ముడూ, ఒడిశాలోని గుణుపూర్‌కి కొత్తగా వచ్చానని చెప్పి, పెరటి ఫోటోలు పెట్టి, గోడ మీద ఉన్నది కట్లపామా అని అడిగావు కదా. ఆ రెండో ఫోటో పెద్దది చేసి చూశాను. అది కట్లపాము కాదు. అడ్డచారలు మెడ దగ్గరే మొదలై తోక వైపు పోయేకొద్దీ మాసిపోయాయి, గమనించు. కట్లపాముకి తల వెనక కొంత మేర చారలే ఉండవు. తర్వాత మొదలై తోక దాకా తెల్లగా, చాలావరకు జంటలుగా సాగుతాయి. వెన్ను మీద ఒక వరుస పొలుసులు మిగతావాటికన్నా పెద్దగా, ఆరు పలకలుగా ఉంటాయి. నీ గోడ మీద పాకుతున్నది బల్లుల కోసం వచ్చిన వుల్ఫ్ స్నేక్. దానికి విషం లేదు. నీ పోస్టు కింద ఒకాయన "చంపి పారేయక ఫోటోలేంటి" అని రాశారు. ఆయన మాట వినకు. కర్ర పట్టుకుని పాము మీదకి వెళ్లినప్పుడే చాలామంది కాటు తింటారు. పైగా వన్యప్రాణి చట్టం ఒకటుంది.

కానీ ఆ పాము కంట్లో నీ ఫోన్ లైటు మెరుస్తోంది. అంటే అంత దగ్గరకి వెళ్లావు, అదీ ఏ పామో తెలియకముందే. నాకు గాభరా పుట్టింది అక్కడే.

గుణుపూర్ సంగతి నీకు ఇంకా అలవాటు కాలేదు. వంశధార పక్కన వరి, వరి కోసం ఎలుకలు, ఎలుకల కోసం పాములు. ఊరి చివర క్వార్టర్లలో ప్రహరీ దాటితే పొలమే. వానలు పడి కన్నాల్లోకి నీళ్లు చేరితే అవి మెట్ట కోసం నీ అరుగు ఎక్కుతాయి. పడగ విప్పిన నాగుపాముని చూసి ఎవరైనా వెనక్కి తగ్గుతారు కాబట్టి దానితో నాకు అంత భయం లేదు. నా భయమంతా రక్తపింజరితోనే. ఎండుటాకుల్లో పడుకుంటే ఒంటి మీది గోధుమరంగు గొలుసు మచ్చలు ఆకుల్లో కలిసిపోతాయి. కొండచిలువ పిల్ల అనుకుని ముట్టుకున్నవాళ్లున్నారు. కుక్కర్ ఆవిరి వదిలినట్టు బుస వినిపిస్తే అడుగు ముందుకి వేయకు, అటు చూస్తూనే నెమ్మదిగా వెనక్కి రా. ఇక్కడివాళ్లు దాన్ని బోడా అంటారు, కట్లపాముని చితి అంటారు. పక్కింటివాళ్లు ఆ మాట అని అరిస్తే నీకు అర్థం కావాలి కదా.

ఫోటో తీసేటప్పుడు కళ్లు తెరలో ఉంటాయి, మోకాళ్లు గడ్డిలో ఉంటాయి. ప్రమాదం అక్కడే. సీతాకోకచిలుక కోసం కూర్చోబోయే ముందు ఆ చోటంతా కర్రతో తట్టి చూడు. చీలమండలు దాటే బూట్లు వేసుకో. కట్టెల మోపు, పిడకల గుట్ట, పెంకుల కుప్ప కదిలించి కింద ఏముందో చూడాలనే సరదా వద్దు. పాము కనిపిస్తే మూడు మీటర్ల దూరంలో ఆగి, వచ్చినంత ఫోటో తీసుకో. బొమ్మ బాగా రావాలని దాన్ని కర్రతో కదపడం, తోక పట్టుకోమని పిల్లల్ని పురమాయించడం ఎంతమాత్రం చేయకు.

అసలు నీ పెరట్లో కరివేపాకు చెట్టుందన్నావు. ముందు దాన్ని చూడు. లేత ఆకు మీద పిట్టరెట్టలా కనిపించేది పురుగు. పెద్దదయ్యాక ఆకుపచ్చగా మారుతుంది. పుల్లతో తాకితే తల వెనక నుంచి ఎర్రటి చీలిన కొమ్ము బయటికి తీస్తుంది, ఘాటు వాసన వస్తుంది. గూడు కట్టి సీతాకోకచిలుకై రెక్కలు ఆరబెట్టుకునేదాకా రోజూ పొద్దున్నే తీయొచ్చు. గోడ మీది తొండ, ముంగిస, ఉడుతా ఉండనే ఉన్నాయి.

రాత్రి సంగతి వేరు. ఉక్కపోతకి నేల మీద చాప వేసుకుని పడుకుంటున్నావని రాశావు. ఈ రోజు నుంచే మంచం మీద పడుకో. దోమతెర అంచులు పరుపు కిందకి మడిచి పెట్టు. కట్లపాము నిద్రలో ఉన్నవాళ్లని కరుస్తుంది. చాలాసార్లు నొప్పి ఉండదు, వాపు ఉండదు, గాటు కూడా కనిపించదు. తెల్లారేసరికి కడుపునొప్పి, వాంతి, తర్వాత రెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది. అజీర్తి అనుకుని వాము నీళ్లు తాగుతూ కూర్చుంటే ఊపిరి ఆగిపోతుంది. అలా అనిపించిన మరుక్షణం ఆసుపత్రికి వెళ్లాలి.

కాటు పడితే తాడు బిగించకు, కోయకు, నోటితో పీల్చకు. ఉంగరాలు, గడియారం తీసేసి, కాలో చెయ్యో కదలకుండా బద్ద కట్టి 108కి ఫోన్ చెయ్యి. ఒడియా రాదని టెన్షన్ పడకు, "సాపొ కాముడిచ్చి" అంటే చాలు. గుణియా (మంత్రం వేసే నాటు వైద్యుడు) దగ్గరకి తీసుకెళ్దాం అని చుట్టుపక్కలవాళ్లు ప్రేమతోనే అంటారు. దండం పెట్టి ఆసుపత్రికే వెళ్లు. పాముని పట్టి తీసుకెళ్లాల్సిన పని లేదు. మన దేశంలో ఇచ్చే విరుగుడు మందు నాగు, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగింటికీ కలిపి చేసిందే. డాక్టర్లు రెప్పల్ని, శ్వాసని చూస్తారు. రక్తాన్ని గాజు గొట్టంలో 20 నిమిషాలు ఉంచి గడ్డ కట్టిందో లేదో చూస్తారు. ఒడిశా ప్రభుత్వం పాముకాటుని విపత్తుల జాబితాలో పెట్టి, చనిపోయినవారి ఇంటికి 4 లక్షలు ఇస్తోందంటే ఇక్కడ ఎందరు పోతున్నారో ఆలోచించు.

ఈ వారంలోనే ఒకసారి సబ్ డివిజన్ ఆసుపత్రికి వెళ్లి, అర్ధరాత్రి డ్యూటీ డాక్టర్, ఆ మందు, ఊపిరి అందించే యంత్రం ఉంటాయా అని అడుగు. యంత్రం లేకపోతే బరంపురం మెడికల్ కాలేజీకి పంపుతారు. అది దూరం, కాబట్టి మొదటి మోతాదు ఇక్కడే వేయించుకుని కదలాలి.

లెన్స్ ఏది కొనాలని అడిగావు. 70-300 ఎం.ఎం. జూమ్ లెన్స్ సెకండ్‌హ్యాండ్‌ది తీసుకో. చాలావాటికి మీటరు లోపల ఫోకస్ పడదు, నీకు అదే మంచిది. మాక్రో, అంటే బాగా దగ్గర నుంచి తీసే లెన్స్, వచ్చే ఏడాది చూద్దువుగాని.