అప్‌డేట్: అద్దం అంచు వాలిన సంగతి

ఎండాకాలంలో అడిగిన, గుర్తుందా? హన్మకొండలో ఇంట్లనే రుద్దుతున్న ఆరంగుళాల టెలిస్కోపు అద్దం (ఎఫ్/8, అంటే ఫోకస్ దూరం వ్యాసానికి ఎనిమిది రెట్లు), సీరియం ఆక్సైడ్‌తో పాలిష్ పడుతుంటే అంచు చుట్టూ వంపు తప్పి కిందికి వాలిపోయిందని. మీరన్నట్టే సగం తప్పు నా పొడుగు స్ట్రోకుది (రుద్దేటప్పుడు ముందుకు వెనక్కు జరిపే దూరం), సగం పిచ్‌ది (పాలిష్ పట్టే పనిముట్టు మీద పోసే తారులాంటి పూత). మే ఎండకు అది మెత్తబడ్డది. మళ్లీ కరిగించి, సన్న మంట మీద ఇంకాసేపు కాచి గట్టిపరిచిన. (ఇల్లంతా తారు వాసన, అమ్మ తిట్లు వేరే.) స్ట్రోకు వ్యాసంలో మూడో వంతుకు తగ్గించి, తెల్లారగట్ల చల్లగున్నప్పుడే పట్టిన. పదకొండు రోజులు!

నిన్న ఎనిమిదడుగుల దూరంలో బ్లేడు పెట్టి ఫూకో పరీక్ష (అద్దం నుంచి తిరిగొచ్చే వెలుగును బ్లేడు అంచుతో అడ్డుకుని వంపు చూసుడు) చేస్తే అద్దమంతా ఒకేసారి మసకబారింది, అంటే వంపు గోళంలా సమంగా వచ్చింది. అంచున వెంట్రుకవాసి వాలు ఇంకా ఉంది, దాన్ని నల్ల కాగితం రింగుతో కప్పేస్తా. ఇక ఆ గోళపు వంపును పారాబోలాగా మార్చే పని మిగిలింది.