అప్‌డేట్: ఫైబ్రాయిడ్ ఆపరేషన్ అయింది, ఏఆర్‌టీ ఒక్కపూట కూడా ఆపలేదు

హెచ్‌ఐవీ మందులు (ఏఆర్‌టీ) వాడుతున్నాను, ఫైబ్రాయిడ్ (గర్భసంచిలో గడ్డల) ఆపరేషన్ చేయించుకోవచ్చా, ఆ రోజు మాత్ర ఆపాలా అని అడిగాను కదా. ఆపరేషన్ అయిపోయింది. గర్భసంచి ఉంచి గడ్డలు మాత్రమే తీశారు. బయాప్సీలో క్యాన్సర్ ఏమీ లేదని వచ్చింది.

మాత్ర ఆపొద్దనే చెప్పారు మత్తు డాక్టరు. పరగడుపున ఉన్నా సరే, ఒక్క గుక్క నీళ్లతో వేసుకోమన్నారు. థియేటర్‌కి తీసుకెళ్లే ముందు నర్సు పక్కన నిలబడి మరీ మింగించింది. వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందో చూపే లెక్క) ముందునుంచీ పరీక్షలో కనబడని స్థాయిలోనే ఉంది. కుట్లు మామూలుగానే మానాయి, చీము పట్టలేదు.

అసలు చిక్కు ఐరన్ మాత్రతో వచ్చింది. నెలనెలా రక్తం పోయి పోయి హిమోగ్లోబిన్ పడిపోయింది కాబట్టి ఐరన్ రాశారు. నా ఏఆర్‌టీ మాత్రలో డోలుటెగ్రావిర్ అనే హెచ్‌ఐవీ మందు ఉంది. ఖాళీ కడుపున రెండూ కలిపి వేసుకుంటే ఐరన్ దాన్ని పట్టేసుకుని ఒంటికి సరిగా అందనివ్వదు. డోలుటెగ్రావిర్ వేసుకున్న 2 గంటల తర్వాత ఐరన్, లేదా ఐరన్ వేసుకున్న 6 గంటలకు డోలుటెగ్రావిర్. అంత లెక్క కుదరకపోతే రెండూ భోజనంతో కలిపి వేసుకోవచ్చు. క్యాల్షియానికీ ఇంతే. గ్యాస్‌కి తాగే యాంటాసిడ్‌కి మాత్రం ఆ భోజనం వెసులుబాటు లేదు, ఎడం పాటించాల్సిందే. డిశ్చార్జి చీటీలో ఇదేమీ రాయలేదు, మందుల కౌంటర్లో అడిగితే చెప్పారు! ఇప్పుడు పొద్దున ఐరన్, రాత్రి పడుకునే ముందు ఏఆర్‌టీ.

గడ్డలు మళ్లీ రావచ్చన్నారు, స్కానింగ్ చేయించుకుంటూ ఉండాలి. ఆపరేషన్ తర్వాతి వైరల్ లోడ్ రిపోర్టు ఇంకా చేతికి రాలేదు.